బీపీ మిషన్‌లో ఒక్కోసారి ఒక్కో అంకె ఎందుకు వస్తుంది?

బీపీ నిమిష నిమిషానికీ కాస్త మారుతూనే ఉంటుంది. వెంటవెంటనే చూసినా పెద్ద తేడా వస్తోందంటే చాలాసార్లు కారణం మిషన్ కాదు, చూసుకునే తీరు.

ముఖ్యంగా చెయ్యి. రక్తానికీ బరువుంది కదా, పట్టీ గుండె మట్టం కంటే దిగితే ఆ బరువూ లెక్కలో కలుస్తుంది, సెంటీమీటరుకు సుమారు 0.8 పాయింటు చొప్పున. ఉదాహరణకు, అసలు బీపీ 128/80 ఉన్న మనిషి చెయ్యి కిందికి వేలాడేసినప్పుడు పట్టీ 10 సెంటీమీటర్లు దిగిందనుకోండి, తెర మీద 136/88 కనిపిస్తుంది. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క, అంటే లేని బీపీ వచ్చి కూర్చున్నట్టే.

అందుకే చేతిని బల్ల మీద ఆనించి, ఎత్తు తక్కువైతే కింద దిండు పెట్టి, పట్టీని రొమ్ము మధ్య ఎత్తుకు తేవాలి. చొక్కా మీద కట్టకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె పెరుగుతుంది. ఇది ఎవరూ పట్టించుకోరు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక నిమిషం ఎడంతో రెండుసార్లు చూడాలి. మొదటిది తరచూ కొంచెం ఎక్కువే వస్తుంది.

నాలుగైదుసార్లు బటన్ నొక్కి, అన్నిటికంటే తక్కువ వచ్చిందే అసలు బీపీ అనుకోవడం పొరపాటు. రాసుకోవాల్సింది రెండింటి సగటు. డాక్టరుకు కావలసింది కొన్ని రోజుల సగటు. నచ్చిన అంకెలు ఏరి రాస్తే మందు డోసు తప్పుతుంది.