వీరుడి ఆయుధం పరువు పోగొట్టుకుంటుందా? ఫాంటసీ నవలలో దాన్ని నమ్మించడం ఎలా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. మీ నవలలో తాత వాడిన కత్తి మనవడి చేతికి వస్తుంది. ఊరంతా దానికి దండం పెడుతుంది. ఆయుధం పడేసి చేతులు జోడించిన శత్రువును మనవడు అదే కత్తితో నరికేస్తాడు. పరువు పోయేది మనవడిదేనా, కత్తిది కూడానా?

కత్తిది కూడా పోతుంది. కాకపోతే మూడు సంగతులు పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి: ఆ కత్తి ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఆ షరతు ఇంకెవరికి తెలుసు. ఇవేవీ చెప్పకుండా నరికిన మరుక్షణం కత్తి నల్లబడిపోతే అది రచయిత అవసరం కొద్దీ నల్లబడినట్టే ఉంటుంది. విశాఖలో కొత్తగా ఫాంటసీ రాస్తున్నవాళ్ల రాతప్రతుల్లో నాకు ఎక్కువగా కనబడే లోపం ఇదే.

రెండో లోపం, బలం పోవడాన్నీ పరువు పోవడాన్నీ ఒకటిగా చూడటం. మహాభారతం మౌసలపర్వంలో అర్జునుడు ద్వారక స్త్రీలను వెంటబెట్టుకుని వస్తుంటే దారిలో ఆభీరులు మీద పడతారు. గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమైపోతుంది, దివ్యాస్త్రాలు గుర్తుకు రావు, అక్షయ తూణీరాలు ఖాళీ అవుతాయి. చివరికి వింటి కొనతో కొట్టాల్సి వస్తుంది. అవమానం అర్జునుడికే. గాండీవాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు, వచ్చిన పని పూర్తయిందన్నాడు వ్యాసుడు. మన ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి సంగతీ అంతే. 2001లో నౌకాదళ సేవ నుంచి తప్పుకుంది, ఇప్పుడు జనం టికెట్టు కొని లోపల తిరుగుతారు, గౌరవం ఏమీ తగ్గలేదు.

మైల అంటుకోవడమూ పరువు పోవడం కాదు. అజ్ఞాతవాసం ముందు పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచి, ఎవరూ దగ్గరికి రాకుండా పక్కన శవాన్ని కట్టారు. అన్నాళ్లూ అక్కడే ఉన్న గాండీవం దిగిరాగానే ఉత్తర గోగ్రహణంలో కౌరవసేనను తిప్పికొట్టింది. కాబట్టి మీ కత్తి బురదలో పడిందనో, దొంగ చేతికి చిక్కిందనో పరువు తీసేయకండి. అది చాలదు.

మరి ఏది చాలుతుంది? సౌప్తికపర్వం చూడండి. బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ద్రోణుడు కొడుక్కి మనస్ఫూర్తిగా ఇవ్వలేదు. ఎంత ఆపద వచ్చినా మనుషుల మీద వేయవద్దని చెప్పి ఇచ్చాడు. ఆ సంగతి కృష్ణుడికి తెలుసు. ఇచ్చినవాడు, షరతు, సాక్షి మూడూ కుదిరాయి. అశ్వత్థామ వేశాడు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామకు చేతకాలేదు. దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. అస్త్రం బలం ఏమాత్రం తగ్గలేదని గమనించండి, అది తగలాల్సిన చోట తగిలింది. నిండుగా బలం ఉండి పరువు పోయిన ఆయుధమే అన్నిటికంటే భయపెడుతుంది. మీ కత్తి కూడా ఆ తర్వాత ఇంకా బాగా తెగనివ్వండి.

అశ్వత్థామ పక్కనే తాండ్ర పాపారాయుణ్ణి పెట్టి చూస్తే అసలు కిటుకు దొరుకుతుంది. ఇద్దరూ రాత్రివేళ శత్రు శిబిరంలో దూరి చంపినవాళ్లే. ఒకడికి శాపం, ఇంకొకడికి మన ఉత్తరాంధ్రలో ఊరూరా బుర్రకథ. ఎందుకు? 1757 జనవరిలో బొబ్బిలి కోటలో ఆడవాళ్లూ పిల్లలూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. కథ చెప్పేవాడు దాన్ని ముందు మనకు చూపించి, ఆ తర్వాతే పాపారాయుణ్ణి కోట మీదికి వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి పంపుతాడు. పాపారాయుడు అక్కడి నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు కూడా. పని ఒక్కటే అయినా, దానికి ముందు వినేవాడు ఏం చూశాడు, ఆ తర్వాత చేసినవాడు ఏం చెల్లించాడు అన్నదాన్ని బట్టి కత్తి పరువు తేలుతుంది.

ఇక కొలతలు. 80 వేల పదాల నవల అనుకుంటే షరతును మొదటి 10 వేల పదాల్లోపే వినిపించండి, అదీ ఏదో పని మధ్యలో, ఒకటి రెండు వాక్యాల్లో. 30 వేల దగ్గర ఆ షరతును పాటించి నష్టపోయే ఘట్టం ఒకటి పెట్టండి: మనవడు కత్తి ఒరలో పెట్టేస్తాడు, దానివల్ల స్నేహితుడో పొలమో పోతుంది. ఈ ఘట్టాన్నే చాలామంది ఎగ్గొడతారు. షరతు ఎంత బరువైనదో తెలియకపోతే, అది తెగినప్పుడు పాఠకుడికి ఏమీ అనిపించదు. మనవడు చేసే హత్య 50 వేల పదాలు దాటాక రావాలి.

గుర్తుగా తుప్పు వాడొద్దు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టే ఊళ్లో ఎంత పరువున్న కత్తయినా నూనె రాయకపోతే మచ్చలు వేస్తుంది. దానికంటే నిప్పు మంచిది. గట్టిపరిచిన ఉక్కు 600 డిగ్రీలు దాటిన మంటలో కాసేపు ఉంటే మెత్తబడుతుంది. తుడిచి మెరుగు పెడితే చూపుకు అదే కత్తి, పిడి కూడా లోహందైతే పిడీ వాదరా సరిగ్గానే ఉంటాయి, గట్టి దెబ్బకు మాత్రం వంగి అలాగే ఉండిపోతుంది. శత్రువు ఇల్లు తగలబెట్టి, అందులో వదిలేసిన కత్తిని మర్నాడు వెతికి తెచ్చుకున్నాడనుకోండి, మాయ అక్కర్లేకుండానే పని జరుగుతుంది. కాకపోతే కత్తి ఇంకా బాగా తెగాలన్న పైమాటతో ఇది కుదరదు, రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

నాకు అన్నిటికంటే నచ్చే గుర్తు మనుషుల ప్రవర్తన. దసరాకు గాజువాక వర్క్‌షాపుల్లో లేతు మెషీన్లకూ స్పానర్లకూ కూడా పసుపు కుంకుమ పెడతారు. మీ నవలలో ఆ రోజు వరసగా పేర్చిన పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టి, ఈ కత్తి దగ్గరికి వచ్చేసరికి ఇంటి ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంటే చాలు. ఆ ఘట్టానికి ఒక్క పేరా మించొద్దు, ఎవరూ కారణం చెప్పొద్దు.

పోయిన పరువు తిరిగి రావాలంటే? విలన్‌ను అదే కత్తితో చంపితే రాదు, అది లెక్కలో ఇంకో చావు మాత్రమే. నష్టపోయినవాళ్లు తేల్చాలి, లేదా ఇచ్చినవాళ్లకు తిరిగి చేరాలి. మహాప్రస్థానంలో, గాండీవాన్ని ఇప్పించిన అగ్నే దారికి అడ్డం నిలబడి అడిగేదాకా అర్జునుడు గాండీవాన్ని వదలలేకపోయాడు, అడిగాక నీళ్లలో వేశాడు. మీరూ సముద్రంలో వేయించదలిస్తే ఒడ్డున నిలబడి విసిరించకండి, అలలు విరిగే చోట లోతు ఉండదు. పడవ మీద బాగా లోపలికి తీసుకెళ్లి వేయించండి. రెండో భాగం రాసే ఆలోచన ఉంటే మాత్రం ఒడ్డు దగ్గరే పడనివ్వండి, జాలరిపేట వలకు దొరుకుతుంది.