యుద్ధబాధిత మహిళలకు విరాళం: రెండు లక్షలు ఒకేసారి ఇచ్చేయాలా?

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. వయసు 64. పింఛను నెలకు రూ.46,000. మందులతో కలిపి ఇంటి ఖర్చు రూ.32,000. బ్యాంకులో రూ.11 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి. సొంత ఇల్లు, అప్పులు లేవు. మావారికి షుగరు. ఇద్దరికీ కలిపి రూ.5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. మా అమ్మాయి బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తోంది. యుద్ధాల్లో సర్వం కోల్పోయిన స్త్రీలకు ఏడాదిపాటు శిక్షణ ఇస్తూ, నెలనెలా కొంత డబ్బు చేతికిచ్చే ‘విమెన్ ఫర్ విమెన్ ఇంటర్నేషనల్’ అనే సంస్థ వార్షిక నివేదికను తను పంపితే చదివాను. ఆ రోజంతా మనసు మనసులో లేదు. వచ్చే నెల గడువు తీరే రూ.2 లక్షల ఎఫ్‌డీని వాళ్లకు ఇచ్చేద్దామనుకుంటున్నాను. అమ్మాయి కూడా తన వంతు ఇస్తానంటోంది. పన్ను మినహాయింపు వస్తుందా? డబ్బు ఆ స్త్రీలకు చేరుతుందని ఎలా నమ్మాలి? వాళ్లకు ఉత్తరం రాయవచ్చట, ఏం రాయాలి?

జవాబు: టీచరుగారూ, తప్పకుండా ఇవ్వండి. మీకు ఆ స్తోమత ఉంది. అయితే ఆ రెండు లక్షలు ఒక్కసారే పంపేయకండి. అదే సాయాన్ని ఐదేళ్లకు పరిచి ఇవ్వండి. మీ అసలు కాపాడటం ఇందుకు ఒక కారణం మాత్రమే. ఈ పనికి కావలసిన డబ్బు తీరు కూడా అలాంటిదే.

బోస్నియా సంగతే చూడండి. అక్కడ 1992 నుంచి 1995 దాకా సాగిన యుద్ధంలో అత్యాచారాలకు గురైన స్త్రీలు 20 వేల నుంచి 50 వేల మంది ఉంటారని అంచనా. ఆ యుద్ధం జరుగుతుండగానే 1993లో, ఇరాక్‌లో పుట్టిన జైనబ్ సల్బీ భర్తతో కలిసి మీరు చెప్పిన సంస్థను స్థాపించారు. ఫోచా పట్టణంలో జరిగిన అత్యాచారాలను మానవాళిపై నేరంగా తేల్చి హేగ్‌లోని అంతర్జాతీయ ట్రైబ్యునల్ శిక్షలు వేసేసరికి 2001 వచ్చింది. ఈ స్త్రీలను యుద్ధబాధితులుగా గుర్తించి నెలసరి భృతికి అర్హత కల్పిస్తూ బోస్నియా ఫెడరేషన్ చట్టం చేసేసరికి 2006. అంటే తుపాకులు ఆగాక కూడా పదకొండేళ్లు. ఆ మధ్యకాలంలో ఇల్లు గడవాలి, పిల్లలు బడికి వెళ్లాలి, ఒంటికీ మనసుకూ తగిలిన గాయాలకు వైద్యం జరగాలి. యుద్ధం వార్తల్లో ఉన్నన్నాళ్లూ విరాళాలు వెల్లువెత్తుతాయి. కెమెరాలు మరోచోటికి మళ్లగానే ఆగిపోతాయి. ఆ స్త్రీకి అసలైన ఖర్చు మొదలయ్యేది అప్పుడే.

అందుకే ఇలాంటి సంస్థలకు ‘వచ్చే ఏడాది కూడా ఇంత వస్తుంది’ అన్న నమ్మకం చాలా విలువైనది. ఒక ఊళ్లో పాతిక మంది స్త్రీలను చేర్చుకుంటే పన్నెండు నెలలు నడపాలి. ఆరో నెలలో డబ్బు లేదని చేతులెత్తేస్తే, అప్పటికే ఒకసారి అందరూ వదిలేసిన మనుషులను మళ్లీ వదిలేసినట్టే.

ఆ ఏడాదిలో ఏం జరుగుతుందో మీకు ఒక్క విషయం దగ్గరగా చూపిస్తాను. చదవడం, లెక్కలు, చేతిపని, ఆరోగ్యం, ఆస్తిలో హక్కులు ఇలా చాలా నేర్పుతారు. వాటిలో నాకు ప్రాణమైనది పొదుపు సంఘం. ఈ తరహా సంఘాలను 1991లో నైజర్ దేశంలో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టింది. పదిహేను నుంచి పాతిక మంది స్త్రీలు ఒకచోట కూర్చుంటారు. మధ్యలో ఒక ఇనుప పెట్టె. దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో ఆమె ఇంట్లో. నలుగురూ వస్తేగానీ పెట్టె తెరుచుకోదు. సమావేశానికి ఒక్కొక్కరు ఒకటి నుంచి ఐదు వాటాల దాకా కొనవచ్చు. ఎన్ని వాటాలు కొంటే పాసుపుస్తకంలో అన్ని ముద్రలు వేస్తారు, అక్షరం రాని ఆమె కూడా తన డబ్బు తానే లెక్కపెట్టుకోవడానికి. అందులోంచే అప్పులు తీసుకుంటారు, వడ్డీ కడతారు. ఏడాది చివర పెట్టె మొత్తం బోర్లించి, వాటాల లెక్కన వడ్డీతో సహా పంచుకుంటారు.

మన డ్వాక్రా సంఘాలు చూసిన మీకు ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. మన సంఘాల వెనుక బ్యాంకు ఉంది. అక్కడ చాలాచోట్ల బ్యాంకే లేదు, ఉన్నా నమ్మకం లేదు. 2025 జనవరిలో కాంగోలోని గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల వశమయ్యాక అక్కడి బ్యాంకులు మూతపడ్డాయి. మరుసటి నెలలోనే మీరు చెప్పిన సంస్థ పనిచేసే దక్షిణ కివు రాష్ట్ర రాజధాని బుకావు కూడా వాళ్ల చేతికి చిక్కింది. ఖాతాలో డబ్బున్నా తీసుకోలేని రోజుల్లో ఇరుగుపొరుగు స్త్రీల మధ్య తిరిగే ఆ కొద్దిపాటి డబ్బు ఎంత ఆసరానో మీరే ఊహించండి.

ఇక మీ లెక్క. పదకొండు లక్షల్లో రెండు లక్షలు ఆరు నెలల ఇంటి ఖర్చుకు, మూడు లక్షలు వైద్యానికి పక్కన పెట్టండి. ఐదు లక్షల బీమా ఈ రోజుల్లో ఒక్క పెద్ద ఆపరేషనుకే అయిపోవచ్చు. మీవారికి షుగరు అన్నారు కాబట్టి ఈ మూడు లక్షల విషయంలో నేను రాజీపడను. గడువు తీరే రెండు లక్షలను పోస్టాఫీసులోగానీ బ్యాంకులోగానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. వడ్డీ 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి రూ.4,100 మీ ఖాతాలో పడుతుంది. చేరిన రోజు వడ్డీ రేటే ఐదేళ్లూ ఉంటుంది. అత్యవసరమైతే కొంత కోతతో ముందే తీసుకోవచ్చు. ఐదేళ్లలో వడ్డీ రూ.82,000. దానికి పింఛను నుంచి నెలకు సుమారు రూ.1,630 కలపండి, అది మరో రూ.98,000. మొత్తం రూ.1,80,000. అంటే నెలకు మూడు వేల చొప్పున ఐదేళ్లు ఇచ్చినట్టు. మీరు అనుకున్న రెండు లక్షలకు దాదాపు సమానం, పైగా మీ అసలు మీ దగ్గరే ఉంటుంది. నెలకు మూడు వేలు మీ మిగులుకు భారమేమీ కాదు.

పంపే పద్ధతి గురించి. నెలనెలా విదేశానికి మూడు వేలు పంపితే బ్యాంకు రుసుములే గణనీయంగా తినేస్తాయి. మన కార్డుల నుంచి విదేశీ సంస్థలకు నెలవారీ ఆటోమేటిక్ చెల్లింపులు కూడా తరచూ ఆగిపోతుంటాయి. వడ్డీని, పింఛను భాగాన్ని విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో చేర్చుకుంటూ, ఏటా ఒకే నెలలో రూ.36,000 ఒక్క దఫాగా పంపండి. ఏటా ఇస్తానని సంస్థకు ముందే రాసి చెప్పండి. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు, విరాళాలూ అందులోకే వస్తాయి. పాన్, ఏ2 ఫారం (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు) ఇస్తే చాలు. ఏడాదికి పది లక్షలు దాటితేనే, పంపేటప్పుడు బ్యాంకు పన్ను (టీసీఎస్) వసూలు చేస్తుంది కాబట్టి మీకు ఆ బాధ లేదు.

పన్ను మినహాయింపు రాదు. విరాళాలపై ఇచ్చే మినహాయింపు (80జి) మన దేశంలో గుర్తింపు పొందిన సంస్థలకే వర్తిస్తుంది. దానికి బెంగపడకండి. కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్నే పడదు. మీ పింఛను, వడ్డీ కలిపినా ఏడు లక్షలు దాటవు. కట్టని పన్నుకు మినహాయింపు ఎందుకు?

మీ అమ్మాయి విషయం వేరు. బ్రిటన్‌లో పన్ను కట్టే వాళ్లు ‘గిఫ్ట్ ఎయిడ్’ పత్రం ఇస్తే, తను ఇచ్చే ప్రతి 20 పౌండ్లకు ప్రభుత్వం మరో 5 కలిపి సంస్థకు ఇస్తుంది. తను 40 శాతం పన్ను పరిధిలో ఉంటే ఇంకో 5 పౌండ్లు తనకే తిరిగొస్తాయి. నెలవారీ విరాళం తను ఇవ్వడమే మేలు. అయితే అది తన సొంత డబ్బే కావాలి. మీ డబ్బు ఆమె ద్వారా పంపి గిఫ్ట్ ఎయిడ్ కోరడం నిబంధనలకు విరుద్ధం.

డబ్బు చేరుతుందా అన్నారు. మీరిచ్చినదంతా ఒక స్త్రీ చేతికి నగదుగా వెళ్లదు. కొంత ఆమెకు నెలసరి మొత్తంగా, మిగతాది శిక్షకుల జీతాలు, శిక్షణ కేంద్రం, రవాణా, ఆడిట్ వంటి వాటికి. కార్యాలయ ఖర్చుల శాతం చూసి సంస్థను కొట్టిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను. యుద్ధం జరిగిన చోట నమ్మకమైన లెక్క రాయాలంటేనే మనుషులు కావాలి. 2022 డిసెంబరులో తాలిబన్లు స్వచ్ఛంద సంస్థల్లో స్త్రీలు పనిచేయకూడదన్నారు. అలాంటి చోట ఒక ఏడాది నెట్టుకురావడానికే ఎంత ఖర్చవుతుందో ఏ శాతమూ చెప్పలేదు.

నివేదికలో నేనైతే ఇవి వెతుకుతాను. చేరిన వాళ్లెందరో అందరూ వేస్తారు, పూర్తి చేసిన వాళ్లెందరు? బయటికొచ్చిన ఏడాది తర్వాత వాళ్ల సంపాదన ఎంతో మళ్లీ వెళ్లి కనుక్కున్నారా? ఆదాయంలో ప్రభుత్వ నిధుల వాటా ఎంత? 2025లో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేయగానే ఎన్నో సంస్థలు రాత్రికి రాత్రే కార్యక్రమాలు ఆపేశాయి కదా. ఏదైనా దేశంలో పని ఆగితే ఆ మాట దాచకుండా రాశారా? బ్రిటన్ సంస్థల ఆడిట్ లెక్కలు అక్కడి చారిటీ కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు, మీ అమ్మాయి అరగంటలో తెరిచి చూపించగలదు. ఏ సంస్థ అయినా అత్యాచార బాధితురాలి ముఖాన్ని, పేరును పెట్టి విరాళాలు అడుగుతుంటే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. వాట్సాప్‌లో వచ్చే లింకుల ద్వారా కూడా ఎప్పుడూ పంపవద్దు.

ఉత్తరం తప్పక రాయండి. యుద్ధంలో ఏం జరిగిందని అడగవద్దు. ఎంత ఇస్తున్నారో రాయవద్దు. మీ బడి గురించి, మీ ఊరి మిరపచేల గురించి, మీ అమ్మాయి గురించి రాయండి, ఉత్తరం అందుకునే ఆమె ఏం నేర్చుకుంటోందో అడగండి. చాలామందికి ఉత్తరం ఎవరో చదివి అనువదించి చెప్పాలి కాబట్టి చిన్నగా రాయండి. జవాబు రాకపోవచ్చు, దానికీ సిద్ధపడండి. జవాబు రాలేదని రెండో ఏడాది పంపడం మాత్రం మానకండి.