లీక్టెన్‌స్టైన్‌లో బస్సులే ఆధారం

ప్రశ్న: మా అబ్బాయి జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈసారి మేము వెళ్లినప్పుడు లీక్టెన్‌స్టైన్ కూడా చూపిస్తానంటున్నాడు. ఆ దేశానికి విమానాశ్రయమే లేదట. మరి అక్కడివారు ఎలా తిరుగుతారు? అంత చిన్న దేశంలో మన ఆర్టీసీ వంటిది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉందండీ. ఆ సంస్థ పేరు లీమొబిల్. రూట్లు, వేళలు, టికెట్ల వ్యవహారం అది చూసుకుంటుంది, బస్సులు నడిపే పనిని మాత్రం కాంట్రాక్టుకు ఇస్తుంది. పచ్చని నిమ్మకాయ రంగులో ఉండే ఆ బస్సులను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉన్న ఈ దేశం విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 40 వేలు, పొడవు 25 కిలోమీటర్ల లోపే. అంటే విజయవాడ బస్‌స్టాండులో గుంటూరు బస్సెక్కితే పెదకాకాని రాకముందే దేశం దాటిపోతాం.

అయితే ఆ బస్సులు సరిహద్దు దగ్గర ఆగిపోవు. దేశంలో ఉద్యోగాలు దాదాపు జనాభా అంత ఉన్నాయి, ఉద్యోగుల్లో సగానికి పైగా స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నుంచి రోజూ వచ్చి వెళ్లేవారే. అందువల్ల ముఖ్యమైన 11వ నంబరు బస్సు స్విట్జర్లాండ్‌లోని సార్గన్స్ రైల్వే స్టేషన్ దగ్గర బయలుదేరి బాల్‌జర్స్, ట్రీజెన్, రాజధాని వాడుజ్, షాన్ మీదుగా ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్ష్ చేరుతుంది. ఒకే బస్సులో మూడు దేశాలన్నమాట. పొరుగు స్టేషన్లలో రైలు దిగినవారికి అందేలా వేళలు కుదర్చడమే ఈ వ్యవస్థకు ప్రాణం. మా దృష్టిలో లీమొబిల్ గొప్పతనం బస్సుల రంగులో కాదు, ఈ కుదిర్పులో ఉంది.

రైలు బొత్తిగా లేదనడం మాత్రం సరికాదు. ఫెల్డ్‌కిర్ష్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బుక్స్ వరకు 1872లో వేసిన లైను ఈ దేశం గుండానే పోతుంది, కానీ అది ఆస్ట్రియా రైల్వేలది. దానిమీద పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగకుండానే వెళ్లిపోతాయి. ఆ లైనును మెరుగుపరచి లోకల్ రైళ్లు పెంచుదామన్న ప్రతిపాదనకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలా అని 2020 ఆగస్టులో ప్రజలను ఓటు అడిగితే, సుమారు 62 శాతం మంది వద్దన్నారు. కార్లు విరివిగా ఉన్న దేశం కదా! ఫలితంగా బస్సు మీద భారం అలాగే మిగిలింది.

ఇక మీ ప్రయాణం సంగతి. జ్యూరిక్ నుంచి రైలులో సార్గన్స్‌కు సుమారు గంట, అక్కడి నుంచి బస్సులో వాడుజ్‌కు దాదాపు అరగంట పడుతుంది. వాడుజ్‌లో 'పోస్ట్' అనే స్టాపులో దిగితే ఊరి నడిమధ్యన ఉంటారు. స్విట్జర్లాండ్‌తో 1924 నుంచి సుంకాల ఒప్పందం అమల్లో ఉంది, 2011 నుంచి షెంగెన్ ఏర్పాటు (ఒకే వీసాతో పలు యూరప్ దేశాల్లో తిరగనిచ్చేది) కూడా ఉంది; కనుక స్విస్ వైపు నుంచి వెళ్లేటప్పుడు వేరే వీసా అక్కర్లేదు, బస్సు దిగి వరుసలో నిలబడే పనీ ఉండదు, పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోండి. చెల్లేది స్విస్ ఫ్రాంకే. మీ అబ్బాయి దగ్గర స్విట్జర్లాండ్ అంతటా చెల్లే 'జీఏ' వార్షిక పాసు ఉంటే ఈ బస్సుల్లోనూ చెల్లుతుంది.

సమయం మిగిలితే 21వ నంబరు బస్సులో కొండల్లోని మాల్బున్ గ్రామానికి వెళ్లండి. ట్రీజెన్‌బెర్గ్ దగ్గర మలుపులు తిరుగుతూ, 1947లో తవ్విన సొరంగం దాటి, 1,600 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దిగగానే స్టాపులో అంటించిన పట్టీ చూసి తిరుగు బస్సు వేళ రాసుకోండి.