‘ముందే చెప్పాను కదా’ అన్నది మీరే

ప్రశ్న: మాది నరసరావుపేట. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. నాలుగు నెలల కిందట ఆఫీసు పార్టీ అయ్యాక తోటి ఉద్యోగి కారులో దింపుతానని తీసుకెళ్లి అఘాయిత్యం చేశాడు. పార్టీలు వద్దని ముందే చెప్పాను. మా ఆడపడుచుకి తెలిసిపోయింది. ‘ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా చిరిగేది ఆకే’ అని అందరి ముందూ అంది. అమ్మాయి అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది, గదిలోంచి సరిగ్గా బయటికి రాదు, నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్లకు చెప్పాలా, దాచాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, సంబంధం సంగతి పక్కన పెట్టండి. నాలుగు నెలలుగా గదిలోంచి సరిగ్గా బయటికి రాని పిల్లకు పెళ్లిచూపులేమిటి?

మీ ఉత్తరంలో ‘ముందే చెప్పాను’ అని రాశారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసిన పిల్లతోనూ ఇదే అని ఉంటారని నా అనుమానం. మీ ఆడపడుచు ఆ సామెత చెప్పినప్పుడు మీరేమన్నారో రాయలేదు. ఏమీ అని ఉండరు. పెద్దావిడ, ఎదురు చెబితే బాగుండదని ఊరుకుని ఉంటారు. మీ అమ్మాయి ఆ మౌనాన్ని కూడా విన్నది. ఇంట్లో అందరికంటే ముందు తన పక్షాన నిలబడాల్సిన మనిషి నిలబడలేదని ఆమెకు అర్థమైంది. మీతో మాట్లాడకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదే.

ఈ ధోరణి మీ ఒక్కరిదే కాదు. 1978లో రాత్రి సినిమా చూసి వస్తున్న రమీజాబీని హైదరాబాద్‌లో నల్లకుంట పోలీసులు పట్టుకుని అత్యాచారం చేశారు, ఆమె భర్త వాళ్ల దెబ్బలకు చనిపోయాడు. విచారణ కమిషన్ ముందు లాయర్లు ఆమె ఎలాంటిదో తేల్చడానికే తంటాలు పడ్డారు. కమిషన్ తప్పు పోలీసులదేనన్నా, కేసు రాయచూరు కోర్టుకు వెళ్లి వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. 2019లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని చంపితే, చెల్లెలికి కాదు 100కి ఫోన్ చేయాల్సిందని సాక్షాత్తూ అప్పటి తెలంగాణ హోంమంత్రే అన్నారు. భయపడ్డ ఆడపిల్ల ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయడం కూడా తప్పేనా? నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

పార్టీకి వెళ్లడం, తెలిసినవాడి కారెక్కడం నేరాలు కావు. నేరం చేసింది వాడు. ఆఫీసుకి రోజూ నిశ్చింతగా వెళ్తున్నదీ బహుశా వాడే. అయినా మీ ఉత్తరంలో వాడి గురించి ఒక్క వాక్యమే ఉంది.

ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ అమ్మాయి ఇష్టం. నాలుగు నెలలైంది కాబట్టి కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి. అత్యాచారం కేసుకు గడువు లేదు. సంఘటన హైదరాబాద్‌లో జరిగినా మీ ఊరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, వాంగ్మూలం మహిళా అధికారే తీసుకోవాలి. వాడు పంపిన మెసేజ్‌లుంటే చెరపొద్దని చెప్పండి. ఆమె పేరు బయటపెట్టినవాళ్లకు రెండేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. ఆమె గత జీవితాన్ని తవ్వి, సమ్మతి ఉందని వాదించడానికి 2013 నుంచీ చట్టం ఒప్పుకోదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రం వివరాలు చెబుతారు, అక్కడ కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. రమ్మంటే తోడు వెళ్లండి, వద్దంటే ఊరుకోండి.

అంతకంటే ముందు ఆమె గదిలోకి వెళ్లి, ‘ఆ రోజు అలా అనకూడదమ్మా, తప్పు నాది’ అని చెప్పండి. వెంటనే కరిగిపోతుందని ఆశించకండి. తిట్టినా పడండి. మీ ఆడపడుచు మళ్లీ నోరెత్తితే, అమ్మాయి వినేలా, ‘వదినా, నా కూతురి గురించి ఈ ఇంట్లో ఇంకోసారి అలా మాట్లాడొద్దు’ అనండి. మర్యాద పోతుందని భయపడకండి. కూతురి మర్యాద కంటే ఆవిడ మర్యాద ఎక్కువ కాదు.

సంబంధం తెచ్చినవాళ్లకు ఇప్పుడు చూడటం లేదని చెప్పేయండి. కారణం చెప్పక్కర్లేదు. రేపెప్పుడైనా ఆమె పెళ్లి చేసుకోవాలనుకుంటే, ఎవరికి ఏం చెప్పాలో ఆమే చూసుకుంటుంది.