విజయనగరం ఇల్లు అమ్మకం: మూడేళ్ల ఇంటిపన్ను బకాయి ఎప్పటిలోగా కట్టాలి?

నమస్కారమండీ. ఈ నెల 28న రిజిస్ట్రేషన్, మూడేళ్ల పన్ను బాకీ, ఆ రోజు పొద్దున్న కడితే చాలా అని కదా మీరడిగింది. అంతవరకూ ఆగకండి.

అమ్మకం కోసమని వేరే గడువేమీ లేదు. ఏప్రిల్-సెప్టెంబరు పన్నుకు జూన్ 30, అక్టోబరు-మార్చి పన్నుకు డిసెంబరు 31. అవి దాటితే నెలకు 2 శాతం వడ్డీ. అర్ధ సంవత్సరానికి 1,500 అనుకుంటే ఆ ఒక్క వాయిదా మీదే నెలకు 30, ఏడాదికి 360. మీవి ఆరు వాయిదాలు, ఒక్కోదానికి వడ్డీ వేరుగా లెక్కేసుకోండి.

ముందు పన్ను రసీదు మీదుండే అసెస్‌మెంట్ నంబరుతో (ఇంటికి మున్సిపాలిటీ ఇచ్చిన పన్ను నంబరు) మున్సిపల్ వెబ్‌సైట్లో బాకీ చూడండి. డోర్ నంబరు, యజమాని పేరు మీ దస్తావేజుతో సరిపోవాలి. అసలు చిక్కు ఇక్కడే: పేరు ఇంకా తాతగారిదే ఉంటే డబ్బు కట్టినా కొనేవారి పేరుకు మార్పు ఆగిపోవచ్చు. ఆ సవరణకు రోజులు పడతాయి కాబట్టి ఈ వారమే వార్డు సచివాలయానికి వెళ్లండి. పాత రసీదులుండి కూడా బాకీ చూపిస్తే, ఆ సొమ్ము వేరే నంబరుకు జమైందేమో అడగండి.

కనీసం వారం ముందు కట్టేసి, బాకీ సున్నా అయ్యాక ఆ పేజీ ప్రింటు తీసుకోండి. కుళాయి పన్ను వేరే, మర్చిపోకండి. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో) ఇంటిపన్ను బాకీ కనబడదు, అందుకే కొనేవారు రసీదులు అడుగుతారు. మధ్యవర్తి చేతికి మాత్రం డబ్బు ఇవ్వొద్దు.

చేతిలో సొమ్ము లేకపోతే, బయానా నుంచే కట్టేలా ఒప్పందంలో రాయించుకోండి.