నల్లగొండలో దేవరకొండ రోడ్డు నుంచి పానగల్ దాకా సైకిల్‌పై హాయిగా వెళ్లే దారి ఎలా ఎంచుకోవాలి?

దేవరకొండ రోడ్డు వైపు కొత్తగా అద్దెకు దిగారని, ఆదివారం ఉదయాలు పన్నెండేళ్ల అమ్మాయితో కలిసి పానగల్ గుళ్ల దాకా సైకిల్‌పై వెళ్లాలనుకుంటున్నారని రాశారు. ఫోనులో మ్యాప్ ఎప్పుడు అడిగినా క్లాక్‌టవర్ సెంటర్ మీదుగానే పంపిస్తోందన్నారు. దగ్గరి దారి అదే కాబట్టి అలా చూపిస్తుంది. నిజానికి ఆదివారం ఉదయం ఆరింటికి ఆ సెంటర్ కూడా ప్రశాంతంగానే ఉంటుంది. చిక్కంతా తిరిగి వచ్చేటప్పుడే. పొద్దెక్కాక ఆటోలు, తోపుడు బండ్లు, దుకాణాల ముందు అడ్డదిడ్డంగా నిలిపిన బైకుల మధ్య పిల్లను తీసుకురావడం మీకూ ఇబ్బందే, తనకూ ఇబ్బందే. అందుకని పోయే దారి, వచ్చే దారి వేర్వేరుగా అనుకోండి. ఫలానా సందులో తిరగండి అని నేను చెప్పను. డ్రైనేజీకనో పైపులకనో ఈ నెల బాగున్న సందును వచ్చే నెల తవ్వి పెడతారు. దారి ఎంచుకునే పద్ధతి చెబుతాను, సందులు మీరే చూసుకోండి.

మ్యాప్ తెరవగానే నేను ముందుగా చూసేవి దాటాల్సిన చోట్లు. పట్టణం ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేటప్పుడు కాలనీ రోడ్లతో ఎవరికీ కష్టం ఉండదు. గుండె దడ పుట్టించేవి పెద్ద రోడ్లు, రైలు పట్టాలు, కాలువలే. వీటిని ఎక్కడ పడితే అక్కడ దాటలేం. కాబట్టి దాటడానికి అనువైన చోట్లను ముందు గుర్తు పెట్టుకుని, వాటిని కలిపే సందులను తర్వాత వెతకండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చెట్ల నీడ ఉన్న చక్కటి వీధి దొరికిందని సంబరపడి వెళితే, ఆ వీధి తీరా డివైడర్‌కు ఎదురుగా తేలుతుంది. అనువైన చోటు అంటే రోడ్డుకు ఇటు సందు, అటు సందు ఎదురెదురుగా ఉండి, మధ్యలో డివైడర్‌కు ఖాళీ ఉన్న చోటు. మలుపుకు దగ్గరగా ఉండకూడదు, వచ్చే బండి దూరం నుంచే కనబడాలి. ఇవన్నీ ఫోనులో తేలేవి కావు. పాలకో కూరగాయలకో వెళ్లినప్పుడు అక్కడ ఓ ఐదు నిమిషాలు నిలబడితే చాలు, తెలిసిపోతుంది.

మీ దారిలో అసలు పరీక్ష పానగల్ దగ్గరే. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి అక్కడ తగులుతుంది. హైదరాబాద్ నుంచి గుంటూరు, ఒంగోలు వైపు పోయే లారీలు, ప్రైవేటు బస్సులు తెల్లవారుజామున ఆ రోడ్డు మీద మహా వేగంగా వస్తాయి. డ్రైవర్ రాత్రంతా నిద్ర లేకుండా ఉన్నాడనే అనుకోండి. అక్కడ ఇద్దరూ సైకిళ్లు దిగి, నడిపించుకుంటూ దాటండి. డివైడర్ మీదుగా సైకిల్ ఎత్తి అవతల పెట్టేవాళ్లు కనబడతారు. అమ్మాయి చూస్తుండగా మీరు మాత్రం ఆ పని చేయకండి, రేపు తనూ అదే చేస్తుంది.

రెండో సంగతి మలుపులు. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎడమకు తిరగడం సులువు. కుడికి తిరగాలంటే వెనక వచ్చేవాళ్లను, ఎదురుగా వచ్చేవాళ్లను ఇద్దరినీ చూసుకోవాలి. అందుకే వీలైనంత వరకు ఎడమ మలుపులే ఉండేలా చుట్టు దారి వేసుకోండి, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో. గుడి చుట్టూ చేసే ప్రదక్షిణకు ఇది సరిగ్గా తలకిందులు. గుడి లోపల సవ్యంగా తిరిగి ఆ లెక్క సరిచేసుకోవచ్చు లెండి. మీ ఇల్లు పట్టణానికి నైరుతిలో, పానగల్ ఈశాన్యంలో. కాబట్టి పోయేటప్పుడు దక్షిణం, తూర్పు పక్కల మీదుగా, వచ్చేటప్పుడు ఉత్తరం, పడమర పక్కల మీదుగా వస్తే మలుపులు చాలావరకు ఎడమకే పడతాయి. మిర్యాలగూడ రోడ్డు, హైదరాబాద్ రోడ్డు లాంటివి నేరుగా దాటక తప్పదు. వాటికి పైన చెప్పిన పద్ధతే.  

పోయేది తూర్పు ముఖంగా కాబట్టి పొద్దు పొడిచాక ఎండ కళ్లలో కొడుతుంది. మీ కన్నా మీ వెనక వచ్చే లారీవాడికి అది ఎక్కువ ప్రమాదం, వాడికి మీరు కనబడరు. సూర్యుడు పైకి రాకముందే ఆ తూర్పు భాగం దాటేయండి. వచ్చేటప్పుడు ఎండ వీపు మీద పడుతుంది, ఫరవాలేదు.

మ్యాప్‌లో కారు మార్గం బదులు నడక మార్గం అడిగి చూడండి, కాలనీల లోపలి రోడ్లు బయటపడతాయి. అందులోనూ కొన్ని చివరికి ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతాయి. ఉపగ్రహ చిత్రంలో నీడ కనబడిందని నమ్మొద్దు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్లు ఎప్పుడో పోయి ఉండొచ్చు. దారి తప్పితే భయం లేదు. లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట ఉన్న ఊరిది. మీ డాబా ఎక్కి ఏది ఏ దిక్కున ఉందో ఒకసారి చూసుకుంటే, సందులో నిలబడి ఫోను తీయాల్సిన పని ఉండదు.

ఇంతకుముందు పాలమూరులో ఉన్నప్పుడు పిల్లలమర్రికి కూడా ఈ పద్ధతిలోనే వెళ్లేవాణ్ని. అక్కడ పట్టణం మధ్య నుంచి రైలు మార్గం పోతుంది, దాన్ని ఎక్కడ దాటుతామన్న దాన్ని బట్టే మిగతా దారంతా తేలేది. ఆ మర్రి మూడెకరాల మేర పరుచుకుని ఉంటుంది. ఎప్పుడైనా అటు పోతే చూడండి.

కోతల కాలంలో పల్లె దారి పట్టేటట్టయితే ఒక జాగ్రత్త. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోస్తారు, అంచున వరసగా రాళ్లు పెడతారు. చీకటితో బయలుదేరితే నల్ల పట్టా కప్పిన వడ్ల కుప్ప, దాని ముందున్న రాయి దగ్గరికి వెళ్లేదాకా కనబడవు. ముందు లైటు తప్పనిసరి. వడ్ల మీదుగా తొక్కితే చక్రం జారుతుంది, పైగా అది ఒక రైతు పంట. చెరువు కట్టల దగ్గర సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ. తెల్లవారుజామున పంక్చర్ దుకాణాలు తెరిచి ఉండవు కాబట్టి పంపు, ఒక ట్యూబు దగ్గర పెట్టుకోండి. ఆదివారం పూట మాంసం దుకాణాలున్న వీధి వద్దు, కుక్కలన్నీ అక్కడే చేరతాయి. వెంటబడితే ఇంకా జోరుగా తొక్కకండి. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని మెల్లగా నడవండి. అవే ఆగిపోతాయి.

పానగల్ చేరాక తొందరపడకండి. ఛాయా సోమేశ్వరాలయం ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న ఆలయం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. ఆ నీడ ఏ స్తంభానిదో కనుక్కోమని అమ్మాయికే వదిలేయండి, మీకు కాసేపు విశ్రాంతి దొరుకుతుంది. పచ్చల సోమేశ్వరాలయం దగ్గర పురావస్తు ప్రదర్శనశాల ఉంది, పాత శిల్పాలు చూడొచ్చు. ఉదయ సముద్రం కూడా ఆ కాలపు చెరువే. ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు నీటితో నింపుతున్నారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వెళ్లండి.

మొదటిసారి అమ్మాయి లేకుండా మీరొక్కరే వెళ్లి చూసి రండి. తర్వాత ఇద్దరూ వెళ్లినప్పుడు తనను ముందు ఉంచి, మీరు వెనక, తన కన్నా కాస్త కుడికి జరిగి తొక్కండి. అప్పుడు దాటి పోయే బండ్లు మిమ్మల్ని తప్పించుకునే పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎనిమిదికల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. ఇక్కడి ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి.