గిల్టు నగల దగ్గరి ఫొటోలు: అమ్మడికి బాబాయి ఉత్తరం

అమ్మడూ,

నువ్వు పంపిన చిలకలపూడి జుంకాల ఫొటోలు చూశాను. పనితనం కనబడటం లేదు. బుట్ట మీద తెల్లటి మచ్చ, కింద నీ చేతి నీడ. తప్పు ఫోన్‌ది కాదు, వెలుతురుది. ముందు దాని సంగతి చూడు.

మెరుగు పెట్టిన లోహం అద్దమే. ఎదురుగా ఏముంటే అదే అందులో పడుతుంది: ట్యూబ్‌లైటు ఉంటే తెల్ల గీత, ఎర్ర జాకెట్టు ఉంటే ఎరుపు. కాబట్టి నగ చుట్టూ ఏముండాలో నువ్వే అమర్చాలి. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేసుకో. కిటికీ వైపు, నగకు జానెడు దూరంలో ట్రేసింగ్ పేపరు కట్టు. రెండో వైపు తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెట్టు. అక్కడితో ఆపితే మాత్రం నగ పాలిపోయి, అంచులు లేకుండా వస్తుంది. రెండంగుళాల నల్ల చార్టు పట్టీ ఒకటి కత్తిరించి, ఫ్రేములోకి రాకుండా పక్కన నిలబెట్టు. అది అంచున సన్నటి నల్ల గీతగా పడి, బుట్ట గుండ్రం తేలుతుంది. పట్టీని కొంచెం కొంచెం జరుపుతూ స్క్రీన్ మీద చూసుకోవడమే అసలు పని, అక్కడ తొందరపడకు. ఇంత మెత్తటి వెలుతురులో కెంపులు, పచ్చలు కళ తప్పుతాయి. అగ్గిపెట్టంత అద్దం ముక్కతో కిటికీ వెలుతురునే వాటి మీదికి తిప్పు.

గదిలో లైట్లన్నీ ఆపెయ్. పగటి వెలుతురులో బల్బు కలిస్తే నగ ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తుంది. ఎడిటింగులో దాన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి.

దగ్గరికి తీసుకెళ్లగానే చాలా ఫోన్లు వాటంతటవే వెడల్పు లెన్సుకు మారతాయి. అప్పుడు ముందున్న భాగం ఉబ్బిపోతుంది, ఫోన్ నీడ కూడా నగ మీదే పడుతుంది. మాక్రో (బాగా దగ్గరి ఫొటోల మోడ్) ఆపి 2ఎక్స్ జూమ్ పెట్టి, ఫోకస్ కుదిరేదాకా వెనక్కి జరుగు. స్టాండు, 3 సెకన్ల టైమరు తప్పనిసరి. స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చెయ్.

ముందు ముందు కెమెరా కొంటే 90 నుంచి 105 ఎంఎం మధ్య మాక్రో లెన్సు తీసుకో. అసలు సైజులో (1:1, అంటే సెన్సరు మీద నగ ఉన్నంత సైజులోనే పడేలా) తీసేటప్పుడు ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాలో లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. పోనీ అని రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్/22కు వెళ్తే డిఫ్రాక్షన్ (ఇరుకు రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మసకబారుతుంది. ఎఫ్/8లోనే ఉంచి, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ పది పదిహేను ఫొటోలు తీసి స్టాకింగ్ చెయ్, అంటే వాటన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫొటోగా కలుపు. కాసుల పేరు లాంటి చదును నగకు ఇదంతా అక్కర్లేదు, కెమెరాను దానికి సమాంతరంగా పెడితే చాలు.

తీసేముందు గాలి బ్లోయరుతో దుమ్ము కొట్టు, పొడి మెత్తటి గుడ్డతో వేలిముద్రలు తుడువు. క్లీనింగ్ ద్రావకాలు వాడకు, పైపూత పోతుంది. ఆ తర్వాత గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. కంటికి ఆనని నూలుపోగు కూడా పెద్ద చేసి చూస్తే తాడంత కనబడుతుంది.

తెల్ల కాగితం మీద పెట్టి తీస్తే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) +0.7 దాకా పెంచు, కానీ పసుపు మెరుపులు తెల్లబడిపోతుంటే తగ్గించు. పోయిన వివరం మళ్లీ రాదు, నేపథ్యాన్ని తర్వాతైనా తెల్లగా చేసుకోవచ్చు. అమెజాన్‌లో పెట్టే మొదటి ఫొటోకు పూర్తి తెలుపు నేపథ్యం కావాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి.

రంగు మాత్రం పెంచకు. సాచురేషన్ లాగి గిల్టును మేలిమి బంగారంలా చూపిస్తే సరుకు చేతికందిన రోజే వాపసు వస్తుంది. పైగా కొనేవాళ్లను మోసం చేసినట్టే. నగను ఫొటో పక్కన పెట్టి, పగటి వెలుతురులో పోల్చి చూశాకే పైకెక్కించు. వెనక వైపు, శీల, కొక్కెం కూడా విడిగా తియ్యి. స్కేలు పక్కన పెట్టి ఇంకొకటి తియ్యి.

ఈసారి ఎడిట్ చెయ్యని ఫొటోలే పంపు. నల్ల పట్టీ ఏ వైపు పెట్టావో కూడా రాయి.

బాబాయి